నేల కింద ఇరవై అడుగులు

జనం సెలవు పెట్టి తిరుపతి వెళతారు, ఊటీ వెళతారు. నేను సెలవు పెట్టి మర్రిపాడు వెళ్లాను. తిరిగొచ్చాక మా పక్కింటావిడ "అక్కడ చూడటానికి ఏమున్నాయండీ?" అని అడిగింది. గుమ్మంలో నిలబడి చెప్పే జవాబు కాదు గనక, తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా పని సంగతి చెప్పాలి. విజయవాడలో ఒక ఆరోగ్య సర్వే ఆఫీసులో నేను లెక్కలు చూస్తాను. మా దగ్గరికి వచ్చే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. రోగం బీదవాళ్ల ఇళ్లనే ఎక్కువగా పట్టుకుంటోందా, అయితే ఎంత ఎక్కువగా? ఇది తేల్చడానికి బీదల నుంచి మొదలుపెట్టి కలిగినవాళ్ల దాకా మనుషులను వరుసలో నిలబెడతాం. మొత్తం ఆరోగ్యంలో ఎవరి వాటా ఎంతో కూడుకుంటూ ఒక గీత గీస్తాం. ఆరోగ్యాన్ని కొలవడానికి ఒక అట్ట ఉంటుంది, దాని మీద నిచ్చెన బొమ్మ. పై మెట్టు నూరు, అంటే ఏ బాధా లేని మనిషి. నేలను తాకే అడుగు మెట్టు సున్నా, అంటే చచ్చిపోయినదానితో సమానం. మీరు ఏ మెట్టు మీద ఉన్నారని అడిగి రాసుకుంటాం.

మర్రిపాడు, ఉదయగిరి లాంటి నెల్లూరు జిల్లా పడమటి మండలాల నుంచి వచ్చిన జవాబుల్లో కొన్నిటికి ముందు మైనస్ గుర్తు ఉంది. చావుకన్నా కింద అన్నమాట. అవన్నీ బీదల ఇళ్లలోవే. వాటా అంటే ఏమీ లేకపోవచ్చు గానీ, ఏమీ లేకపోవడం కన్నా తక్కువ వాటా ఎలా ఉంటుంది? నా గీత నేలలోకి దిగబడింది. ఆ గీతను బట్టి అసమానత ఎంతో చెప్పే అంకె, ఎప్పుడూ ఒకటికి మించకూడనిది, ఒకటిని దాటిపోయింది. మా డైరెక్టరుగారు చూసి, "టైపింగు తప్పులమ్మా. అన్నీ సున్నా చేసెయ్యి" అన్నారు. చేస్తే గీత బుద్ధిగా పైకొచ్చింది.

అయితే ఆ మండలాల్లో ఒక ట్రస్టువాళ్ల వైద్యం వ్యాను తిరుగుతోంది. ఒళ్లు నొప్పులకు మందులిస్తారు, బిగుసుకుపోయిన కీళ్లకు వ్యాయామం నేర్పడానికి ఒకమ్మాయి వస్తుంది. అది నిలవాలో వద్దో మా లెక్కను బట్టే తేలుస్తారు. వ్యాను రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి సర్వే చేశాం. మైనస్‌లను సున్నాలు చేశాక చూస్తే, ఆ బీద ఇళ్లలో ముందూ సున్నాలే, తర్వాతా సున్నాలే. వ్యాను వల్ల ఒరిగిందేమీ లేదు, కాలువల కింద ఉన్న సంగం వైపు మార్చేద్దాం అనే మాట వచ్చింది. ఆ మైనస్‌లు తప్పులా నిజాలా అని ఎవరో ఒకరు వెళ్లి అడగాలి కదా అన్నాను. "అడుగు. సెలవు నీది, నీ ఇష్టం" అన్నారాయన. ఆ కోపంతోనే బయల్దేరాను.

సంగం

నెల్లూరులో నాకు కుదిరిన కారు డ్రైవరు మస్తాన్. ఉదయగిరి మనిషి. ఫోనులో భార్యతో ఉర్దూలో గొడవపడుతూ, నాతో తెలుగులో లోకం సంగతులు చెబుతూ, రెంటినీ ఎక్కడా కలపకుండా బండి నడిపాడు.

సంగం దాకా దారి నాకు కొత్తగా అనిపించలేదు. మాది తెనాలి. కాలువ, కాలువ గట్టు, గట్టు కింద వరి, ఇవి ఉంటే నాకు ప్రాణం కుదుటపడుతుంది. పెన్న మీద బ్యారేజీ దగ్గర నీళ్లు నిండుగా ఉన్నాయి. భోజనం హోటల్లో చేపల పులుసు పోశారు. మామిడికాయ ముక్క వేసిన ఆ పులుసు ముందు మా వైపు పులుసు చిన్నబోవాల్సిందే. నూట ఇరవైకి కడుపు నిండా పెట్టారు, చేపముక్క మాత్రం మర్యాదకు ఒక్కటే.

సర్వేలో ఉన్న ఒక రెడ్డిగారి ఇంటికి వెళ్లాను. వరండాలో కూర్చుని కాలువ వంకే చూస్తున్నారు. "నూటికి ఎనభై ఏసుకో మేడమ్. మోకాళ్లు తప్ప నాకేం రోగం ఉండాది? వ్యాను మా ఊరికే వస్తాదంట గదా, రానీ. మా కూలోళ్ల నడుములు కూడా విరిగిపోతా ఉండాయి" అన్నారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. నాట్లు వేసి వస్తున్న ఆడవాళ్లు నడుం మీద చేతులేసుకుని నడుస్తున్నారు. అడిగితే ఒకావిడ యాభై అంది, ఇంకొకావిడ అరవై అంది. వీళ్లకు వ్యాను అక్కర్లేదని నేను అనలేను. నిచ్చెన బొమ్మ చూపించగానే వాళ్ల కళ్లు కింది నుంచి పైకి వెళ్లాయి. నీళ్లు పైకి లేచి గట్టుదాకా వచ్చే చోట పుట్టినవాళ్లం, మేమంతా అలాగే చూస్తాం.

ఆత్మకూరు

ఆత్మకూరు లాడ్జిలో సబ్బు నురగ రాలేదు. ఎంత రుద్దినా ఒంటికి తెల్లగా ఏదో పట్టుకుంది గానీ జారలేదు. కిందికొచ్చి చెబితే కౌంటరు దగ్గర కుర్రాడు, "సబ్బు తప్పు కాదు, నీళ్ల తప్పు. తాగబాకు, క్యాను నీళ్లు తెప్పిస్తాను" అన్నాడు. మా తెనాలిలో 'అండీ' లేకుండా కుక్కను కూడా అదిలించం. ఇక్కడ ఉన్నమాట ఉన్నట్టు మొహాన కొడతారు. మొదట ఒళ్లు మండింది, సాయంత్రానికి అలవాటైంది.

కారం దోశ తింటూ కళ్ల నీళ్లు తుడుచుకుంటుంటే రమణయ్య వచ్చాడు. పడమటి మండలాల్లో మా సర్వే చేసింది ఇతనే. అసలు వృత్తి బోరు మోటార్లు బాగుచేయడం. పనిలేని నెలల్లో మా అట్ట పట్టుకుని ఇళ్లు తిరుగుతాడు.

"రమణయ్యగారూ, ఈ మైనస్‌లు మీరెందుకు రాశారు?" అన్నాను, నిలదీసినట్టే.

"వాళ్లు చెప్పినారు, నేను రాసినాను. ఇంకేముండాది?"

"నిచ్చెనకు సున్నా కింద మెట్లు లేవుగా?"

అతను నా వంక జాలిగా చూశాడు. "మేడమ్, మా మర్రిపాడు పక్క జనానికి నిచ్చెన యాడ ఉండాది? మిద్దె ఉంటే గదా నిచ్చెన. బొమ్మ చూపిస్తే, నేల కాడితో ఆపేసినారేంది, కిందికి లేదా అని అడిగినారు. అయితే బోరు మాదిరి లెక్కేసుకోండి, పైన అయితే పైన చెప్పండి, లోపల అయితే ఎన్ని అడుగులో చెప్పండి అన్నాను. ఒక్కరికి కూడా రెండోసారి చెప్పే పని పడలా."

నా దోశ చల్లారిపోయింది. అట్టలో లేని కొలతను ఇతను నేలలోకి దింపాడు. మా పుస్తకాల ప్రకారం అది తప్పే, అందులో అనుమానం లేదు. డైరెక్టరుగారికి తెలిస్తే రెండు మండలాల కాగితాలూ చెత్తబుట్టలో వేస్తారు. ఆ మాట చెప్పాను. రమణయ్య, "రేపు నువ్వే వచ్చి అడుగు" అన్నాడు. 'మేడమ్' పోయి 'నువ్వు' వచ్చిందంటే అతనికీ కోపం వచ్చినట్టే.

మర్రిపాడు దాటాక

మర్రిపాడు దాటితే పచ్చదనం అయిపోతుంది. బద్వేలు వైపు లారీలు దుమ్ము రేపుకుంటూ పోతుంటాయి. రోడ్డు వదిలి ఉదయగిరి దిక్కుగా తిరిగితే అవి కూడా ఉండవు. ఎండిన కంది చేలు, గొర్రెల మందలు, చేలల్లో తలలు ఎత్తుకుని నిలబడ్డ ఇనుప గొట్టాలు. "అయ్యన్నీ పొయ్యిన బోర్లు మేడమ్" అన్నాడు మస్తాన్, చనిపోయిన బంధువులను చూపించినట్టు.

మేము వెళ్లిన ఇల్లు మాలకొండయ్యది. గొర్రెలు, నాలుగు మేకలు, వాన మీద ఆధారపడ్డ కొంచెం చేను. వరండాలో మంచం మీద ఒకావిడ వంగి కూర్చుని ఉంది. మెడ తిరగడం లేదు, మమ్మల్ని చూడాలంటే మనిషే మొత్తం తిరగాలి. నేను దగ్గరికి వెళ్లి, "మామ్మగారూ, బాగున్నారా?" అన్నాను.

మాలకొండయ్య గయ్యిమన్నాడు. "మామ్మేంది మామ్మ! ఆమెకి నీ ఈడే ఉంటాది."

సిగ్గుపడి, పొరపాటైందన్నాను. ఆమె పేరు పెంచలమ్మ. పుట్టినప్పటి నుంచి తాగిన ఫ్లోరైడు నీళ్లు ఎముకల్ని బిగించేశాయి. ఆ ఊళ్లో ఏ ఇంట చూసినా ఒకరిద్దరు ఇలాగే ఉన్నారు. ఆమె మాత్రం నవ్వింది. "పోనీలే, అక్కా అను" అంది. అన్నాను.

మా జాబితాలో ఈ ఇంటివి రెండు మైనస్‌లు. భర్తది మైనస్ నాలుగు వందల ఎనభై, భార్యది మైనస్ ఇరవై. డైరెక్టరుగారు నవ్వుతూ అందరికీ చూపించింది ఈ ఇంటినే. నేను మొదట మాలకొండయ్యను అడిగాను.

"నాలుగొందల ఎనభై అంటే నా బోరు. అంత లోతేసినా దుమ్మే వచ్చినాది" అన్నాడు.

"మేం అడిగింది మీ ఆరోగ్యం గురించి."

"ఆ మాటే రమణయ్య చెప్పినాడు గానీ, నేను నమ్మలా. ఎన్ని అడుగులని అడిగితే బోరు కాకుండా ఇంకేందంట? కొత్త బోరు శాంక్షను చేస్తారేమో అనుకున్నాను. గొర్రెలు కాసేవాడి ఆరోగ్యం ఇజీవాడోళ్లకి ఎందుకు?"

రమణయ్య తల పట్టుకున్నాడు. మస్తాన్ పగలబడి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది గానీ, వెంటనే అనుమానం పట్టుకుంది. డైరెక్టరుగారు చెప్పిందే నిజమైతే? ఈవిడ ఇరవై కూడా ఏ దిగుడు బావి లోతో అయితే? ఆ మాట అడగడానికి భయపడుతూనే అడిగాను. "అక్కా, మొదటిసారి మీరు ఇరవై అన్నారు. అదేమిటి?"

పెంచలమ్మ తొందరపడలేదు. "మడిసిని పూడ్చేదానికి ఎంత లోతు తవ్వతారు? నాలుగడుగులు, లేదంటే ఐదు. చచ్చినోళ్లు ఆడ సుఖంగా పడుకోనుంటారు. నాకు పడుకునేదానికి కూడా లేదు, ఈపు ఆనదు. ముద్ద నోట్లో పెట్టుకోలేను, చెయ్యి పైకి రాదు. ఈయన గొర్రెల్ని తోలకపోతే పొయ్యి ఎలగదు, తోలుకోని పోతే నాకు ముద్ద పెట్టేవాళ్లు లేరు. అందుకని వాళ్లకంటే కింద ఉండానని చెప్పినాను. ఇరవై తక్కువే చెప్పినాను, ఈయన బాధ పడతాడని."

మాలకొండయ్య మేకల దగ్గరికి వెళ్లిపోయాడు.

"మరి రెండోసారి సున్నా అన్నారు?"

"ఆ వ్యాను పాప వచ్చి చెయ్యి పట్టుకోని, ఇట్ట తిప్పు అట్ట తిప్పు అని ఏడిపించింది. స్టీలు చెమ్చా జారిపోతాదని ఉదయగిరి చెక్క చెమ్చా తెప్పించింది, లావు పిడిది." ఆమె దిండు పక్క నుంచి దాన్ని తీసి చూపించింది. "ఇప్పుడు నా సంగటి నేనే తింటా ఉండాను. సంగటిని చెమ్చాతో తినేది మా మండలంలో నేనొక్కదాన్నే, అందరూ నవ్వతారు. ఈపు నొప్పి అట్టనే ఉండాది. అంతమాత్రానికి బాగుండానంటే అబద్ధం గదా. నేల మీదికి వచ్చినాను, అంతే. అందుకే సున్నా అన్నాను."

నా ఉద్యోగంలో సున్నాను ఎవరైనా గర్వంగా చెప్పగా వినడం అదే మొదలు. ఇరవై అడుగుల గుంతలోంచి ఒక మనిషి పైకొచ్చింది. మేం ఆ గుంతను కాగితం మీద ముందే పూడ్చేశాం గనక, ఆమె కదిలినట్టే మాకు కనపడలేదు.

ఇంతలో నా అట్ట కోసం చూస్తే లేదు. మంచం కోడు దగ్గర ఒక మేక దాన్ని తీరిగ్గా నములుతోంది. లాక్కునేసరికి యాభై నుంచి నూరు దాకా మెట్లు దాని కడుపులోకి పోయాయి. "పోతే పోనీ మేడమ్, పై మెట్లు మాకెందుకు" అన్నాడు మేకను తోలడానికి వచ్చిన మాలకొండయ్య. అందరం నవ్వాం. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

తినకుండా కదలనివ్వలేదు. రాగి సంగటి, శనగవిత్తుల పచ్చడి. మా ఇళ్లలో అతిథి తిన్నాక ఇంటివాళ్లు తింటారు. ఇక్కడ పెంచలమ్మ నా ఎదురుగా కూర్చుని నాతోపాటు తింది, తను తినగలదని నేను చూడాలని. చెమ్చా పిడి పట్టుకుని మోచేతిని ఒళ్లో ఆనించి, మెడ వంగదు గనక చెయ్యినే నోటిదాకా తెచ్చుకుంటోంది. సగం సంగటి చీర మీద పడినా ఎవరూ సాయం చేయలేదు. చేస్తే కొట్టేలా ఉంది.

వస్తుంటే అడిగింది. "వ్యాను ఎత్తేస్తారంట గదా?"

"నేను రాస్తాను అక్కా" అన్నాను. అంతకు మించి మాటివ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఉదయగిరి

ఉదయగిరి కొండ దూరం నుంచే మనుషుల్ని చిన్నబుచ్చుతుంది. పైన కోట ఉందని, ఎక్కితే బాగుంటుందని మస్తాన్ ఊరించాడు. నాకు ఎక్కే మనసు లేదు. అతని అత్తగారిది చెమ్చాల పనేనట, ఆ వీధికి తీసుకెళ్లమన్నాను.

ఆ వీధిలో చెక్క చెమ్చాలు చేస్తారు. అడవి చెక్కను చీల్చి, చెక్కి, ఆకురాయితో రుద్ది, మళ్లీ నున్నగా పాలిష్ పట్టిస్తారు. మస్తాన్ అత్తగారు గుమ్మంలో కూర్చుని పిడికి పువ్వు చెక్కుతోంది. చిన్నది ముప్పై, గరిటె నూట యాభై. లావు పిడిది కావాలంటే ఆమె చేతిలో పని ఆపింది. "గిరాకీ మొత్తం సన్న పిడికే అమ్మా, షోకేసులో పెట్టుకుంటారు. లావు పిడి ఎవరడగతారు? వ్యాను పాప వచ్చి అడిగింది, ఆయమ్మకే చేసినాము" అంది. నాకూ ఒకటి చేసిపెట్టమంటే, రేపు రమ్మంది. నా సెలవు అంతదాకా లేదు.

టీకొట్టు దగ్గర నిలబడి డైరెక్టరుగారికి ఫోను చేశాను. మైనస్ నాలుగు వందల ఎనభై పొరపాటే, తీసేయొచ్చని ఒప్పుకున్నాను. మైనస్ ఇరవై పొరపాటు కాదని చెప్పాను. మిగతా మైనస్‌లు కూడా ఇంటింటికీ అడిగి తేల్చాల్సినవే గానీ, గంపగుత్తగా తుడిచెయ్యాల్సినవి కావన్నాను.

ఆయన విన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. "పోనీ అందరికీ తలా ఒక వంద కలిపెయ్యి. మైనస్ పోతుంది" అన్నారు.

"పోతుంది సార్. కానీ అందరూ వందల్లోకి వెళ్లిపోతే వాటాల్లో తేడా బొత్తిగా కనపడదు. కలిగినవాడూ లేనివాడూ దాదాపు సమానమే అన్నట్టు వస్తుంది. అసలు వాటాల లెక్కే మానేద్దాం. ఇద్దరి మధ్య ఎడం ఎంత అని చూద్దాం. సంగం రెడ్డిగారు నేలకు ఎనభై పైన ఉన్నారు, ఈవిడ ఇరవై కింద ఉండేది, ఇప్పుడు నేల మీద ఉంది. వట్టి తీసివేత. దానికి మైనస్ అడ్డం రాదు."

"ట్రస్టువాళ్లకు సున్నాకూ ఒకటికీ మధ్య ఒక్క అంకె కావాలమ్మా. మిగతా జిల్లాల పక్కన పెట్టి చూసుకోవాలి. నువ్వు అడుగుల్లో చెబితే మనల్ని చూసి నవ్వుతారు."

"నవ్వనివ్వండి సార్. పెంచలమ్మగారిని చూసి కూడా నవ్వుతూనే ఉన్నారట."

ఆవిడ ఎవరని అడిగారాయన. పేరు చెప్పకుండా అంకెలే చెప్పడం నేనే ఆయనకు అలవాటు చేశానని అప్పుడు గుర్తొచ్చి, టీ గ్లాసు పెట్టేసి మొదటి నుంచి మళ్లీ చెప్పాను. చివరికి, "నీ లెక్క కూడా రాసివ్వు, చూద్దాం" అన్నారు.

ఇంటికి వచ్చాక

రాసిచ్చాను. తీసివేతల పట్టిక, దాని కింద పెంచలమ్మ మాటలు, ఒక్క అక్షరం మార్చకుండా. డైరెక్టరుగారు దాన్ని పారెయ్యలేదు, అనుబంధంలో పెట్టారు. మన దేశంలో అనుబంధం చదివే మనిషి ఇంకా పుట్టలేదు. ట్రస్టువాళ్లు మొదటి పేజీలోని ఒక్క అంకె చూసుకున్నారు. వ్యాను సంగం వెళ్లింది. అక్కడ నాట్లేసే ఆడవాళ్ల నడుములు కొంచెం తేలికపడే ఉంటాయి, దానికి నేను ఏడవను. ఏడుపంతా రెండోవైపు గురించే.

కొన్ని నెలలకు మూడో విడత సర్వే పడింది. ఒక సాయంత్రం రమణయ్య ఫోను చేశాడు. పెంచలమ్మ ఎలా ఉందని నేనే ముందడిగాను.

"పదైదు అడుగులు అన్నది మేడమ్, కిందికి. చెయ్యి మళ్లా బిగిసిపొయినాది. చెమ్చా దిండు కిందనే ఉండాది, ఆమె పట్టుకోలేకపోతా ఉండాది. ఒక మాట అడగతాను, ఏమనుకోబాకండి. సున్నా అని నేనే రాసేదా? ఎట్టాగూ మీరు ఆడ మార్చేదే గదా. మీకు పని తగ్గతాది."

అతను ఎగతాళిగా అనలేదు. నిజంగానే సాయం చేద్దామని అడిగాడు. అందుకే తట్టుకోలేకపోయాను.

"ఆవిడ చెప్పిందే రాయండి రమణయ్యగారూ" అన్నాను.

"సరే మేడమ్" అని పెట్టేశాడు.

నిన్న ఫైలు వచ్చింది. మైనస్ పదిహేను అలాగే ఉంది. డైరెక్టరుగారు ఇంకా చూడలేదు.